అర సెకను తేడా
ఓపెన్ సోర్స్ కోటలు, ముట్టడులు: 9వ భాగం

గత భాగంలో 2016 నాటి మిరాయ్ గోల చూశాం. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండానే గోడలకు బిగించిన కెమెరాలు, ఇంటి రౌటర్లు లక్షల్లో ఆ పురుగు చేతికి చిక్కాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పరికరాలే, వెబ్‌సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చి చూపే డిన్ అనే సంస్థ మీద ఎగబడితే అమెరికాలో గంటల తరబడి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోలేదు. వాటి లోపల నడిచేది లినక్సే. మిరాయ్‌ని తయారుచేసిన ముగ్గురు కుర్రాళ్లకు ఆ బుద్ధి పుట్టింది మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల వ్యాపారంలోని పోటీ వల్ల. దొంగకు తొందర ఎక్కువ, నేర్పు తక్కువ. తలుపులు ఎలాగూ తీసే ఉన్నాయి.

ఈ భాగంలో వచ్చే మనిషికి తొందర లేదు. మూడేళ్లు ఓపిక పట్టాడు. ఆ మూడేళ్లలో అతను చేసిన పనిలో ఎక్కువ భాగం మంచి పనే.

కథ ఎక్స్‌జెడ్ దగ్గర మొదలవుతుంది. ఆ పేరు చాలామంది విని ఉండరు, వినాల్సిన అవసరమూ రాదు. పెద్ద ఫైలును కుదించి చిన్నది చేసే సాధనం అది. దాని మూలసూత్రమైన ఎల్‌జెడ్‌ఎంఏను రష్యాకు చెందిన ఇగోర్ పావ్లోవ్ తన సెవెన్‌జిప్ కోసం తయారుచేశాడు. 2000ల మధ్యలో స్లాక్‌వేర్ ఆధారంగా టుకాని అనే చిన్న లినక్స్ డిస్ట్రో కడుతున్న కొందరు, ప్యాకేజీల బరువు తగ్గించుకోవడానికి ఆ సూత్రాన్ని యూనిక్స్ పద్ధతులకు తగ్గట్టు మలచుకున్నారు. డిస్ట్రో కాలగర్భంలో కలిసింది, సాధనం మాత్రం బతికింది. లినక్స్ కెర్నెల్ మూలం ఎక్స్‌జెడ్ మూటగా దిగుతుంది. డెబియన్ ప్యాకేజీల లోపలి సరుకు ఎక్స్‌జెడ్‌తోనే కుదించి ఉంటుంది. హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక ఇంజినీరు ఉబుంటు సర్వర్ లేపినా, హెల్సింకీలో మరొకరు లేపినా లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ అనే దాని లైబ్రరీ వచ్చి కూర్చుంటుంది. ఎవరూ దాన్ని పిలవరు, ఎవరూ దాన్ని చూడరు.

దాన్ని చూసుకునేవాడు ఒక్కడు. ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె కోలిన్. ఊరంతా నీళ్లు తోడుకునే బావి గిలకకు నూనె పెట్టేవాడు ఒక్కడే అయితే ఎలా ఉంటుందో అతని పరిస్థితి అలా ఉండేది. జీతం లేదు. ప్యాచ్‌లు పంపేవాళ్లు అప్పుడప్పుడు వస్తారు, ఒకటి రెండు పంపి వెళ్లిపోతారు. వచ్చిన ప్రతి ప్యాచ్ చదవాలి, పరీక్షించాలి, బదులు రాయాలి. కుదింపు లైబ్రరీలో తప్పు దొర్లితే ఎవరి ఫైలో పాడవుతుంది కాబట్టి ఆషామాషీగా చదవడం కుదరదు. ఇలా పదిహేనేళ్ల పైచిలుకు.

2021 జనవరిలో గిట్‌హబ్‌లో జియా టాన్ పేరుతో ఒక ఖాతా తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరు 29న ఎక్స్‌జెడ్ మెయిలింగ్ లిస్టుకు ఆ పేరుతో మొదటి ప్యాచ్ వచ్చింది. కోడ్ రాసేవాళ్ల ఎడిటర్లలో ఖాళీలు, వరుసలు ఒకే తీరుగా ఉంచే చిన్న అమరిక ఫైలు అది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. నవంబరులో ఇదే ఖాతా లిబ్‌ఆర్కైవ్ అనే మరో ప్రాజెక్టుకు ఒక మార్పు పంపింది. దోష సందేశం ముద్రించే చోట జాగ్రత్తలున్న ఫంక్షన్ తీసేసి, అవి లేని మామూలు ఫంక్షన్ పెట్టడం ఆ మార్పు. అడ్డు చెప్పినవాళ్లు లేరు, కలిసిపోయింది. రెండేళ్లు దాటాక గానీ దాన్ని ఎవరూ అనుమానంగా చూడలేదు.

2022 ఏప్రిల్‌లో జియా టాన్ కాస్త పెద్ద ప్యాచ్ పంపాడు. కోలిన్ నుంచి వెంటనే బదులు రాలేదు. కొద్ది రోజులకే లిస్టులోకి జిగర్ కుమార్ అనే పేరు వచ్చింది. ఈ లిస్టులో ప్యాచ్‌లు ఏళ్ల తరబడి మగ్గుతాయని దెప్పిపొడుపు. మే నెలలో డెనిస్ ఎన్స్ అనే మరో పేరు వచ్చింది. ఎక్స్‌జెడ్ జావా రూపాన్ని ఇంకా ఎవరైనా చూసుకుంటున్నారా అని ఎంతో మర్యాదగా అడిగాడు. సమయం దొరకడం లేదని కోలిన్ ఒప్పుకోగానే జిగర్ కుమార్ మళ్లీ అందుకున్నాడు. కొత్త మెయింటెయినర్ వస్తే తప్ప ఈ ప్రాజెక్టు కదలదట, ఇప్పుడున్నాయనకు ఆసక్తి పోయిందట.

2022 జూన్ 8న కోలిన్ రాసిన జవాబు ఇప్పుడు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆసక్తి పోలేదని, చాలాకాలంగా ఉన్న మానసిక ఆరోగ్య సమస్యల వల్ల పట్టించుకునే శక్తి తగ్గిందని, ఈ మధ్య జియా టాన్‌తో కలిసి కొంత పనిచేస్తున్నానని, బహుశా ముందు ముందు అతనికి పెద్ద బాధ్యత రావచ్చని రాశాడు. ఇది జీతం లేకుండా సరదాకు చేస్తున్న పని అనే సంగతి కూడా గుర్తుంచుకోమన్నాడు. దానికి కూడా వాళ్లు ఊరుకోలేదు. మీ ఆరోగ్యం గురించి విని బాధ కలిగింది, కానీ మీ పరిమితులు మీరు తెలుసుకోవాలి అన్న ధోరణిలో డెనిస్ ఎన్స్ సానుభూతి ఒలకబోశాడు. జిగర్ కుమార్ ఊపిరాడనివ్వలేదు.

ఈ రెండు పేర్లకూ ఈ లిస్టు బయట ఉనికి లేదు. పని జరిగాక మళ్లీ కనిపించలేదు. కత్తి చూపించే మనిషి ఒకడు, పక్కన చేరి నేను సాయం చేస్తాను అనే మనిషి ఇంకొకడు అయితే, నలిగిపోయినవాడు ఎవరి వైపు తిరుగుతాడో చెప్పక్కర్లేదు. మొత్తం కథలో అసలైన దాడి జరిగింది ఇక్కడేనని నా అభిప్రాయం. ఆ తర్వాత రాసిన కోడ్ ఎంత చాకచక్యమైనదైనా రెండో మెట్టే.

2023 జనవరి నాటికి జియా టాన్ నేరుగా కోడ్ చేర్చే హక్కు సంపాదించాడు. జనవరిలో 5.4.1 విడుదల కోలిన్ చేతి మీదుగా జరిగింది. మార్చిలో 5.4.2 జియా టాన్ చేతి మీదుగా. అదే నెలలో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్ని గూగుల్ తరఫున నిత్యం కుళ్లబొడిచి తప్పులు వెతికే ఓఎస్‌ఎస్ ఫజ్ అనే ఏర్పాటులో ఎక్స్‌జెడ్ తరఫు చిరునామాగా కోలిన్‌ది పోయి జియా టాన్‌ది వచ్చింది. జూన్‌లో హాన్స్ జాన్సెన్ అనే ఇంకో కొత్త పేరు లెక్కలు వేగంగా చేసే వంకతో ఒక కొత్త వ్యవస్థను చేర్చింది. ప్రోగ్రాం లేచేటప్పుడే ఏ ఫంక్షన్ వాడాలో నిర్ణయించే ఏర్పాటది. జూలైలో జియా టాన్ గూగుల్ వాళ్లకు రాసి, ఎక్స్‌జెడ్‌ను పరీక్షించేటప్పుడు ఆ ఏర్పాటును ఆపేయించాడు. కాపలాదారు చూపు ఏ గది మీద పడకూడదో ముందే చూసుకున్నాడన్నమాట.

ఇంతకీ ఫైళ్లు కుదించే సాధనం మీద ఇంత పెట్టుబడి దేనికి? సమాధానం పదేళ్ల నాటి ఒక కొట్లాటలో ఉంది.

లోకంలోని సర్వర్లలోకి వాటిని నడిపేవాళ్లు దూరం నుంచి లాగిన్ అయ్యే దారి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్. దాన్ని రాసేది ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు. భద్రత విషయంలో పిసినారులు; అక్కర్లేని లైబ్రరీ ఒక్కటి గడప దాటనివ్వరు. వాళ్ల కోడ్‌కు లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏతో ఏ చుట్టరికమూ లేదు. కానీ లినక్స్ డిస్ట్రోలలో సిస్టమ్‌డీ అనే నిర్వాహక వ్యవస్థ వచ్చింది. దాన్ని తీసుకోవాలా వద్దా అని డెబియన్ రెండుగా చీలినంత పనైంది. 2014 ఫిబ్రవరిలో సాంకేతిక సంఘంలో ఓట్లు సమానమైతే అధ్యక్షుడి ఓటుతో సిస్టమ్‌డీ నెగ్గింది. అలిగినవాళ్లు డెవువాన్ పేరుతో వేరుపడ్డారు. నెగ్గిన వైపు డిస్ట్రోలు, లాగిన్ సర్వర్ సిద్ధమైందని సిస్టమ్‌డీకి ఒక కబురు పంపేందుకు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు సొంతంగా ఒక అతుకు వేశాయి. ఆ ఒక్క కబురు కోసం సిస్టమ్‌డీ లైబ్రరీ వచ్చింది. దాని వెంట లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ వచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు కాపలా కాస్తున్న గుమ్మం పక్కనే, వాళ్లకు తెలియకుండా, ఇంకెవరో కిటికీ పెట్టారు. ఆ కిటికీని చూసినవాడు జియా టాన్.

(సిస్టమ్‌డీని ద్వేషించేవాళ్లు 2024లో మేం ముందే చెప్పాం అని పండగ చేసుకున్నారు. వాళ్లు చెప్పింది వేరు, జరిగింది వేరు. అయినా ఆ ఆనందం వాళ్లకు దక్కనివ్వండి.)

2024 ఫిబ్రవరి 23న ఎక్స్‌జెడ్ మూలంలోకి రెండు పరీక్షా ఫైళ్లు చేరాయి. కుదింపు సాధనానికి పాడైన ఫైలు ఇచ్చి అది తట్టుకుంటుందో లేదో చూడటం మామూలే. అందుకే పాడైన ఫైలును ఎవరూ తెరిచి చదవరు. వాటిలో ఒకటి నిజంగా పాడైనది కాదు, పాడైనట్టు వేషం వేసింది. అందులోని ట్యాబ్‌లను స్పేస్‌లుగా, స్పేస్‌లను ట్యాబ్‌లుగా, హైఫన్లను అండర్‌స్కోర్లుగా, అండర్‌స్కోర్లను హైఫన్లుగా తారుమారు చేస్తే చక్కగా విచ్చుకుని ఒక స్క్రిప్టు బయటపడుతుంది. ఆ స్క్రిప్టు రెండో ఫైలు కడుపు కోసి, అందులోని అసలు విషాన్ని తీసి, నిర్మాణ సమయంలో లైబ్రరీలో కలుపుతుంది. ఈ తంతును మొదలుపెట్టే వరుసలు అందరూ చూసే గిట్ భాండాగారంలో లేవు. ఫిబ్రవరి 24న మూటగా విడుదలైన 5.6.0 టార్‌బాల్‌లో మాత్రమే ఉన్నాయి. డిస్ట్రోలు ప్యాకేజీ కట్టేది టార్‌బాల్ నుంచి. జనం చదివేది గిట్‌ను. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే అలవాటు ఎవరికీ లేదు.

మరో రెండు రోజులకు ఒక చుక్క వచ్చింది. నిజంగానే చుక్క, ఫుల్‌స్టాప్. ప్రోగ్రాం తన చేతులు తానే కట్టేసుకుని, అవసరం లేని ఫైళ్లు ముట్టకుండా ఉండేందుకు లినక్స్‌లో ల్యాండ్‌లాక్ అనే సౌకర్యం ఉంది. అది యంత్రంలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఎక్స్‌జెడ్ ఒక చిన్న పరీక్షా ప్రోగ్రాం కంపైల్ చేస్తుంది. ఆ ప్రోగ్రాం మధ్యలో ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెట్టాడు జియా టాన్. దాంతో అది ఎప్పటికీ కంపైల్ కాదు. కంపైల్ కాలేదు కాబట్టి ల్యాండ్‌లాక్ లేదనుకుని సాధనం చేతులు కట్టుకోకుండానే నడుస్తుంది. తెర మీద ఆ చుక్క దుమ్ము కణంలా ఉంటుంది. 2003లో లినక్స్ కెర్నెల్‌లోకి దొడ్డిదారి పెట్టబోయిన అజ్ఞాత వ్యక్తి రెండు సమాన గుర్తులు ఉండాల్సిన చోట ఒకటే పెట్టి రూట్ అధికారం కొట్టేయాలని చూశాడు. ఇరవై ఏళ్లలో మనుషులు మారారు గానీ, ఒక్క అక్షరంతో పని కానిచ్చే సంప్రదాయం పోలేదు.

అంతా సవ్యంగా సాగితే ఫలితం ఇది: తన దగ్గరున్న రహస్య తాళంతో సంతకం చేసిన ఆదేశాన్ని లాగిన్ అభ్యర్థనలో దాచి పంపితే, పాస్‌వర్డ్ అడగకుండానే ఆ సర్వర్ దాన్ని రూట్ హోదాలో అమలు చేస్తుంది. ఆ తాళం లేని ఇంకో దొంగ వస్తే ఏమీ జరగదు. దొంగతనంలోనూ ఎంత పొదుపో చూడండి.

మార్చి నెలంతా ఒత్తిడే. ఫెడొరాలోకి కొత్త వెర్షన్ తీసుకోమని, గొప్ప సౌకర్యాలున్నాయని జియా టాన్ అక్కడి నిర్వాహకుల వెంటపడ్డాడు. మెమరీ వాడకంలో తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ అనే సాధనం 5.6.0 మీద ఏవో ఫిర్యాదులు చేస్తుంటే, ఆ కారణాన్ని కంపైలర్ నెత్తిన రుద్ది మార్చి 9న 5.6.1 విడుదల చేశాడు. మార్చి 25న హాన్స్ జాన్సెన్ మళ్లీ లేచి డెబియన్‌లో 5.6.1 పెట్టమని కోరాడు. 28న జియా టాన్ స్వయంగా ఉబుంటును అడిగాడు. ఏప్రిల్‌లో రావాల్సిన ఉబుంటు 24.04 ఐదేళ్లు నిలిచే విడుదల. అందులోకి ఎక్కితే లోకంలోని సర్వర్ గదులన్నింటిలోకీ ఎక్కినట్టే. ఇంత తొందర ఎందుకో? ఆ ఫిబ్రవరి చివర్లోనే సిస్టమ్‌డీ వాళ్లు తమ లైబ్రరీకి తగులుకున్న అనవసర చుట్టరికాలు తెంపే పని మొదలుపెట్టారు. అది డిస్ట్రోలకు చేరితే కిటికీ మూసుకుపోతుంది. ఆ తొందరకు ఇదే కారణమని గట్టిగా చెప్పలేం గానీ, అలా ఊహించేవాళ్ల మాట కొట్టిపారేయలేం.

ఇక ఆండ్రెస్ ఫ్రాయిండ్. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి, శాన్‌ఫ్రాన్సిస్కోలో నివాసం, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసేవాళ్లలో ఒకడు. భద్రతా నిపుణుడు కాడు, ఆ మాట అతనే చెప్పుకున్నాడు. పోస్ట్‌గ్రెస్ వేగాన్ని సూక్ష్మంగా కొలిచే పనిలో ఉన్నాడు. అలాంటి కొలతలకు యంత్రం నిశ్శబ్దంగా ఉండాలి, వెనకాల ఏ ప్రోగ్రామూ ప్రాసెసర్‌ను తినకూడదు. తినేదేమిటా అని చూస్తే లాగిన్ సర్వర్ కనిపించింది. ఇంటర్నెట్‌లో ఉన్న ఏ యంత్రం మీదైనా ఊరూపేరూ లేని బాట్లు తప్పుడు పేర్లతో లాగిన్‌కు ప్రయత్నిస్తూనే ఉంటాయి. వాటిని గుమ్మంలోనే తరిమేయడానికి ఇంత ప్రాసెసర్ ఖర్చెందుకు? కొలిచాడు. మామూలుగా 0.3 సెకనులో అయ్యే పని 0.8 సెకను తీసుకుంటోంది.

మనలో ఎవరైనా అయితే నెట్ స్లోగా ఉందనుకుని ఊరుకునేవాళ్లం. అతనికి మనసొప్పలేదు. ఆ సమయమంతా లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏలో గడుస్తోందని తేలింది, కానీ ఏ ఫంక్షన్‌లో అన్నది సాధనం చెప్పలేకపోతోంది. లాగిన్‌కు, ఫైళ్లు కుదించడానికి ఏమిటి సంబంధం? కొన్ని వారాల క్రితం పోస్ట్‌గ్రెస్ పరీక్షల్లో వాల్‌గ్రైండ్ పెట్టిన విచిత్రమైన ఫిర్యాదు గుర్తొచ్చింది. రెండూ ఒకచోట కలిశాయి. తవ్వితే, ఆ కోడ్ ఎవరైనా చూస్తున్నారేమో అని తానే తొంగిచూసుకునే రకం అని బయటపడింది. టెర్మినల్ నుంచి నడిపితే మేల్కోదు. డీబగ్ సౌకర్యాలు ఆన్‌లో ఉంటే మేల్కోదు. ప్రోగ్రాం పేరు లాగిన్ సర్వర్‌ది అయితేనే మేల్కొంటుంది.

మొదట డెబియన్‌లో ఎవరో ప్యాకేజీని చెడగొట్టారనుకున్నాడు. తర్వాత మూలంలోకి వెళ్లి చూస్తే విషం ఊట దగ్గరే ఉంది. మార్చి 28న డెబియన్ భద్రతా బృందానికి, డిస్ట్రోల రహస్య జాబితాకు చెప్పాడు. 29న, గుడ్ ఫ్రైడే ఉదయం, బహిరంగంగా లేఖ రాశాడు. అప్పటికి మన దగ్గర రాత్రి 9 దాటింది. వారాంతపు సెలవులు మొదలైన వేళ ఎన్ని సర్వర్ బృందాల ఫోన్లు మోగి ఉంటాయో ఊహించవచ్చు. అందరూ ముందు చేసిన పని ఒకటే, ఎక్స్‌జెడ్ వెర్షన్ ఎంతో చూడటం. 5.4 కనిపిస్తే ఊపిరి, 5.6 కనిపిస్తే నిద్ర లేని రాత్రి. రెడ్‌హ్యాట్ దీనికి సీవీఈ 2024 3094 అని నంబరిచ్చింది. తీవ్రత పదికి పది.

అదృష్టం ఏమిటంటే విషం ఇంకా స్థిర విడుదలల్లోకి దిగలేదు. డెబియన్ పరీక్షా శాఖలు, ఫెడొరా రాహైడ్, 40 బీటా, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్, కాళీ లినక్స్ వంటి కొత్త సరుకు ముందుగా తెప్పించుకునేవాళ్లే చిక్కారు. ఉబుంటు వాళ్లు 24.04 బీటాను వారం వెనక్కి జరిపి, ప్యాకేజీలన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టారు. గిట్‌హబ్ ఎక్స్‌జెడ్ భాండాగారానికే తాళం వేసింది. జియా టాన్ ఖాతాతో పాటు పాపం కోలిన్ ఖాతానూ ఆపేసింది. ఆ సమయానికి అతను ఇంటర్నెట్‌కు దూరంగా సెలవులో ఉన్నాడు. మార్చి 30న అతను మొదట తీసేసిన వాటిలో ఆ ఒంటరి చుక్క ఉంది. జియా టాన్ చేసిన ప్రతి మార్పునూ తిరిగి చదువుకుంటూ వచ్చి, మే 29న శుభ్రమైన 5.6.2 విడుదల చేశాడు. మళ్లీ ఒక్కడే.

జియా టాన్ ఎవరు? ఇప్పటికీ తేలలేదు. అతని మార్పుల మీద ఎక్కువగా చైనా కాలమానం ఉంది, కానీ అక్కడక్కడా తూర్పు యూరప్ కాలమానం తొంగిచూస్తుంది. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో పనిచేశాడు, క్రిస్మస్‌కు చేయలేదు. ఒక మనిషా, జీతాలిచ్చి నడిపిన బృందమా అన్న ప్రశ్నకు చాలామంది రెండోదే అంటారు. పేరు చూసి దేశం అంటగట్టడం తేలిక. ఆ తేలికైన పని మనం చేయాలనే ఆ పేరు పెట్టుకుని ఉంటారు.

చాలా కళ్లు చూస్తే తప్పులు దాగవని ఓపెన్ సోర్స్ లోకంలో పాతికేళ్లుగా ఒక నమ్మకం ఉంది. ఇక్కడ ఆ కళ్లు చదివి పట్టుకోలేదు. పట్టుకున్నది అర సెకనుకు చిరాకుపడిన ఒక్క మనిషి. అయితే అతని చేతిలో మూలం లేకపోతే, తవ్వడానికి హక్కు లేకపోతే, ఆ చిరాకు ఏదో కంపెనీ కస్టమర్ కేర్‌కు పంపిన ఫిర్యాదుగా ముగిసేది. దొంగ దూరిన సందూ, అతన్ని పట్టుకున్న సందూ ఒకటే. ఈ రెండు మాటల్లో ఒక్కటే వినిపించి వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లు 2024 జూలైలో వచ్చిన 9.8 వెర్షన్‌లో, సిస్టమ్‌డీకి పంపాల్సిన కబురును ఏ లైబ్రరీ సాయమూ లేకుండా తామే రాసుకున్నారు. పదేళ్ల నాటి కిటికీ మూసుకుంది. అంతకుముందే, ఏప్రిల్ 15న, జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుల్ని చూసుకునే ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్ ఒక హెచ్చరిక విడుదల చేసింది. ముక్కూమొహం తెలియనివాళ్లు తమకూ మెయిళ్లు రాసి, ఒక ప్రాజెక్టుకు తమను మెయింటెయినర్లుగా పెట్టమని పట్టుబట్టారని.

జియా టాన్‌కు సర్వర్లు కావాలి. ఇంట్లో బల్ల మీద లినక్స్ పెట్టుకున్న మామూలు మనిషి జోలికి ఎవరొస్తారని మనవాళ్లు ఇంకా ధీమాగానే ఉన్నారు. అయితే 2025 జూలై 16న ఆర్చ్ లినక్స్ వాడుకరులు తమలో తాము ప్యాకేజీలు పంచుకునే ఏయూఆర్‌లోకి ఒకే ఖాతా నుంచి వరుసగా మూడు ప్యాకేజీలు వచ్చి పడ్డాయి. ఫైర్‌ఫాక్స్, లిబ్రెవుల్ఫ్, జెన్ బ్రౌజర్లకు మరమ్మతులని పేర్లు తగిలించుకుని వచ్చాయి. రెండు రోజుల పాటు అక్కడే ఉన్నాయి. వాటి లోపల దాక్కున్న ఖేయాస్ అనే సాధనం కూడా ఓపెన్ సోర్సే. లినక్స్‌కు వైరస్ రాదనే మాట ఎక్కడ పుట్టింది, ఎంతకాలం నిజంగా నిలిచింది, ఆ రెండు రోజుల్లో ఏం జరిగింది అన్నది వచ్చే భాగంలో.